మామగారు చెప్పని సలహా

మా మామగారు జీతం తీసుకునేది వస్తువులు పాడుచేయడానికి. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా ఆయన ఈ మాట చెబితే వేళాకోళం అనుకున్నాను. తర్వాత ఒకసారి మామగారి వెంట ఆయన పనిచేసే, కరెంటు వస్తువుల్ని పరీక్షించే ల్యాబుకి వెళ్లి కళ్లారా చూశాను. ఒక గదిలో ఇస్త్రీపెట్టెని ఎత్తి చెక్క మీద పడేస్తున్నారు, మళ్లీ ఎత్తుతున్నారు, మళ్లీ పడేస్తున్నారు. పక్క గదిలో ఒక యంత్రం మిక్సీ వైరుని అటూ ఇటూ వంచుతూనే ఉంది, దానికి విసుగనేదే లేదు. ఇంకోచోట ఎర్రగా కాలిన తీగని ప్లాస్టిక్కుకి ఆనించి, అంటుకుంటుందా లేదా అని ఒకమ్మాయి కళ్లార్పకుండా చూస్తోంది. ఇంట్లో నేను ఒక్క గ్లాసు పగలగొడితే అత్తగారు పొద్దుగూకేదాకా సణుగుతారు.

అన్నిటిలోకీ నాకు నచ్చింది ఇనుప వేలు. మనిషి వేలంత పొడవు, మనిషి వేలికున్నట్టే కణుపులు. వస్తువుకున్న ప్రతి సందులోనూ దాన్ని దూర్చి, తిప్పి, వంచి చూస్తారు. లోపల కరెంటున్న భాగానికి తగిలిందా, పక్కనున్న చిన్న బల్బు వెలుగుతుంది. ఇక ఆ వస్తువు ఇంటిదారి పట్టాల్సిందే. పసిపిల్లల వేలంత సన్నది ఇంకోటి కూడా ఉంది.

"పిల్లలు ఎక్కడ పెట్టకూడదో అక్కడే పెడతారమ్మా వేలు," అన్నారు మామగారు. "పెద్దవాళ్లేం తక్కువ తినలేదనుకో."

ఎవరింటికి వెళ్లినా ఆయన కుర్చీలో కూర్చోకముందే టీవీ వెనక్కి తొంగిచూస్తారు. అత్తగారు "పరువు తీయకండి" అంటూ చొక్కా పట్టుకుని లాగుతారు. నాకు మాత్రం ఆయన వెనకాలే వెళ్లి, ఏం కనిపించిందో అడగందే నిద్రపట్టదు.

ఆయన తమ్ముడు, మా చిన్నమామగారు, ఊరి చివర రేకుల షెడ్డులో గది హీటర్లు తయారుచేస్తారు. భద్రతా ముద్ర లేనిదే ఏ దుకాణమూ హీటరు తీసుకోదు. ముద్ర వేసేది ప్రభుత్వ కార్యాలయం, అది చూసేది ల్యాబు రిపోర్టు. దగ్గర్లో ఉన్న ల్యాబు మామగారిది ఒక్కటే. తమ్ముడి సరుకు అనగానే ఆయన "నేను ముట్టుకోను" అని పైవాళ్లకి రాసిచ్చి, ఆ పని ఇంకొకరికి అప్పగించారు.

మొదటిసారి ల్యాబులో హీటరు మీద మందపాటి గుడ్డ కప్పి నడిపించారు. ఇళ్లలో ఎవరో ఒకరు దాని మీద తడి తువ్వాలు ఆరేయకుండా ఉంటారా మరి! లోపల వేడి చేరి పైమూత మెత్తబడింది. చిన్నమామగారు వేడి బయటికి పోవాలని సందులు పెద్దవి చేసి మళ్లీ పంపారు. ఈసారి వేడి బాగానే తగ్గింది గానీ, ఇనుప వేలు సాఫీగా లోపలికి వెళ్లింది, బల్బు వెలిగింది. సందులు పెంచితే వేలు దూరుతుంది, తగ్గిస్తే మూత మెత్తబడుతుంది. బయట చలి మొదలైపోయింది. ఈ చలికాలంలో సరుకు బజారుకి వెళ్లకపోతే షెడ్డుకి తాళమే.

ఒక ఆదివారం చిన్నమామగారు హీటరు చంకన పెట్టుకుని వచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టారు.

"అన్నయ్యా, ఏం చెయ్యాలో ఒక్క మాట చెప్పు. ఇంకోసారి తప్పిందంటే నాకు దిక్కులేదు."

"ఎందులో తప్పిందో రిపోర్టులో ఉంది కదరా."

"అది చదివాను. ఎలా బాగుచెయ్యాలో చెప్పు."

"అది మాత్రం నేను చెప్పకూడదు."

అత్తగారు తెచ్చిన కాఫీ కూడా ముట్టుకోకుండా చిన్నమామగారు హీటరు తీసుకుని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీకు తెలుసు కదా మామయ్యగారూ? మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. సొంత తమ్ముడికి చెబితే మీ సొమ్మేం పోయింది?"

"నేను చెబితే అది వాడి హీటరు అవ్వదమ్మా, నాదవుతుంది. నా ఆలోచనకి నా ల్యాబే మార్కులు వేసుకున్నట్టుంటుంది. తన వంటకి తనే వంక పెట్టుకునేవాళ్లని ఎక్కడన్నా చూశావా?"

"లేదు. నా వంటకి పెట్టేవాళ్లని చూశాను," అన్నాను. అత్తగారు వినిపించనట్టు లోపలికి వెళ్లారు. ఆయన సమాధానం నాకు మింగుడుపడలేదు. రూల్సు పట్టుకుని వేలాడే మనిషి అనుకున్నాను. అప్పట్నుంచి ఆయన టీవీల వెనక్కి తొంగిచూసినా ఏమిటని అడగడం మానేశాను. ఆయన సరిగ్గా తినడం లేదని అత్తగారు చెబితే జాలి కూడా కలగలేదు.

మూడోసారి హీటరు నెగ్గింది. ముద్ర చేతికొచ్చిన సాయంత్రమే చిన్నమామగారు ఒక కొత్త హీటరు పట్టుకొచ్చారు. సంతోషం ఉంది గానీ, అన్న మీద కినుక ఇంకా పోలేదు.

"ఆ రోజే చెప్పుంటే నాకీ తిప్పలు తప్పేవి," అన్నారు, బల్లకి అవతలి కొసన కూర్చుంటూ.

మామగారు అటువైపు తిరిగారు. "అంతా అయిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చులే. సందుల వెనకాల సన్నటి జాలీ పెట్టమనేవాణ్ణిరా. వేలు అక్కడే ఆగిపోతుంది."

చిన్నమామగారు అన్న వైపు వింతగా చూశారు.

"జాలీయా? నాకూ మొదట తట్టింది అదే. షెడ్డులోనే పెట్టి, గుడ్డ కప్పి చూశాను. గాలాడక మూత అప్పడంలా వంగిపోయింది. అందుకే జాలీ తీసేసి, సందుకో పలక చొప్పున వెనకవైపు ఏటవాలుగా దించాను. గాలి పోతుంది, వేలు పలకకి తగిలి ఆగిపోతుంది."

నేను ఊరుకోగలనా?

"అయితే చిన్నమామయ్యగారూ, ఆ రోజు ఈయన జాలీ అని చెప్పుంటే?"

చిన్నమామగారు హీటరు మూత మీద చెయ్యి వేశారు. "నా బుర్రలో పుట్టింది కాబట్టి అనుమానమొచ్చి చూసుకున్నానమ్మా. అన్నయ్య చెప్పుంటే ఇంక చూసుకోవడమేంటి? చిన్నప్పట్నుంచి ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరుగుదునా? జాలీ బిగించి నేరుగా ల్యాబుకి పంపేసేవాణ్ణి."

ఆ మాట చిన్నమామగారి నోటి నుంచి వచ్చాకే ఆయనకీ అర్థమైనట్టుంది. ఇన్నాళ్లూ నేను ఎవరి మీద కోపం పెట్టుకుని తిరిగానో ఆయన వైపు చూస్తే, మొహం పాలిపోయి ఉంది.

"అయితే నిన్ను నేనే ముంచేవాణ్ణన్నమాట," అన్నారు మామగారు మెల్లగా. తర్వాత హీటరుని దగ్గరికి లాక్కుని, కళ్లజోడు పైకి తోసుకుని, "ఆ పలకలు ఎంత వాలుగా పెట్టావు? ఎక్కువ వాలితే గాలి మళ్లీ ఆగదూ?" అని అడిగారు.

చిన్నమామగారు కుర్చీ ఇటు జరుపుకుని నన్ను స్క్రూడ్రైవరు తెమ్మన్నారు. హీటరుని బోర్లించి, ఒక్కో స్క్రూ విప్పి అన్నగారి అరచేతిలో పెడుతూ చెప్పడం మొదలుపెట్టారు. మామగారు చెయ్యి చాపుకుని, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాకుండా విన్నారు.