గ్యాసుకూ నూనెకూ మధ్య కామా

మా వాడలో గ్యాసు పైపులు వేస్తామని వారం రోజులుగా రోడ్డంతా తవ్విపోశారు. ఆ దుమ్ముకు తలుపులు మూసుకుని టీవీ ముందు కూర్చుంటే, వార్తలు చదివే అమ్మాయి మన దేశంలో చమురు, గ్యాసు వెతకడానికి విదేశీ కంపెనీలు వచ్చేలా ప్రభుత్వం నిబంధనలు మళ్ళీ సడలించిందని చెప్పింది. ఆ ‘మళ్ళీ’ ఆమె అన్నదో నేను కలుపుకున్నానో గానీ, నవ్వు ఆగక చేతిలోని చాయ్ చీర మీద ఒలికింది. పక్కనే ఉన్న మా బిడ్డ, ఇందులో నవ్వడానికేముందమ్మా అన్నట్టు చూసింది. అది పుట్టిన ఏటి ముచ్చటే ఇది, దానికేం తెలుసు!

మా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, మన దిక్కు కిరోసిన్‌ను కిరోసిన్ అన్నవాళ్ళెవరు, అందరికీ అది గ్యాసునూనే. ఎనభైల మొదట్లో నేను కోడలిగా వచ్చిన ఈ కొత్తవాడ ఇంట్లో ముందు గదంతా జంపఖానాలు నేసే మగ్గమే, వెనక కట్టెల పొయ్యి, దాని పక్కన చుట్టాలొస్తే తప్ప వెలిగించని వత్తుల స్టవ్వు. రేషన్ సరుకులిచ్చే కంట్రోలు దుకాణంలో గ్యాసునూనె పోస్తున్నారంటే చాలు, ఆడవాళ్ళమంతా డబ్బాలు వరుసలో పెట్టేసి, ఇంటికొచ్చి బియ్యం ఎసట్లో వేసి మళ్ళీ పరుగెత్తేవాళ్ళం. ఆ వరుసలో డబ్బాకున్న మర్యాద మనిషికి ఉండేది కాదు.

నాకు చిన్ననాటి నుంచీ దమ్ము, కాస్త పొగ తగిలితే ఊపిరాడదు. తొలికాన్పుకు పోదామంటే తల్లిగారింట్లో తల్లి లేదు. నేను ఆ దిగులుతో మూల కూర్చుంటే మా అత్తమ్మ వచ్చి, “నేను లేనా బిడ్డా, నీ పురుడు నేను పోస్త” అన్నది, ఆ మాటకు నేను ఎంత ఏడ్చానో! దవాఖానలో డాక్టరమ్మ, ఈమెకు పొగ తగలనివ్వొద్దని గట్టిగా చెప్పిన నాటి నుంచి అత్తమ్మ ప్రతి నెలా వచ్చే గ్యాసునూనెలో కొంత తీసి మగ్గం కింద ఒక డబ్బాలో దాచసాగింది. బాలింతకూ పసిబిడ్డకూ నీళ్ళు కాగేది స్టవ్వు మీదనే అని ఆమె పంతం. జంపఖానాలకు వాసన పడుతుందని మా ఆయన గొణిగితే, “పట్టనియ్యి, కొన్నోడు ఉతుక్కుంటడు” అని కసిరేది.

ఇక మా ఆయనకు పొద్దున్నే చాయ్ హోటలు పేపరు పట్టుకొచ్చి ఇంట్లో గట్టిగా చదివే అలవాటు, చదివినదాన్ని అమ్మకు అర్థమయ్యేలా విప్పి చెప్పడం అంతకన్నా పెద్ద అలవాటు. నాకు నెలలు నిండిన రోజుల్లో ఒకనాడు, చమురు, సహజవాయువుల అన్వేషణకు విదేశీ సంస్థలను ఆహ్వానిస్తూ ప్రభుత్వం తన విధానం మార్చుకుందన్న వార్త చదివి, “అమ్మా, బయటి దేశపోళ్ళను పిలుస్తాండ్రట, మన సముద్రంలకెల్లి గ్యాసు, నూనె తీస్తరట” అన్నాడు. పాపం, కామా దగ్గర కాస్త ఆగాడు కూడా. కానీ మా అత్తమ్మ చెవిలో కామా పడలేదు, గ్యాసునూనె పడింది.

ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా వాడంతా తెలిసిపోయింది. ఆ నెల ఎవరింట్లోనూ నూనె చాలలేదేమో, పక్కింటి వదినె సీస పట్టుకొచ్చి మొహమాటంగా నిలబడితే, అత్తమ్మ మగ్గం కింది డబ్బా బయటికి లాగి, “తీస్కపో, ఇగ ఫికరేంది, తెల్లోళ్ళు తెస్తాండ్రు గద” అని నిండా పోసింది. వదినె వెనక ఇంకొకరు, వారి వెనక మరొకరు. నేను వద్దని చెప్పలేక, చెప్పకుండా ఉండలేక గడపలో నిలబడి చూస్తుండగానే డబ్బా అడుగు కనబడింది.

నేను బిడ్డను ఎత్తుకుని దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాడు ఒకటే ముసురు. కంట్రోలు దుకాణంలో స్టాకు రాలేదన్నారు. తెల్లవాళ్ళు ఎప్పుడొస్తరురా అని అత్తమ్మ అడిగితే, అది ఈ నూనె కాదని, సముద్రం అడుగున వెతికి తీయడానికి ఏళ్ళు పడుతుందని మా ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆమె లేచి తడి కట్టెలతోనే పొయ్యి ముట్టించింది. పొగ ఇల్లంతా కమ్మి నాకు దమ్ము లేచింది, పసిది కూడా దగ్గసాగింది. అత్తమ్మ చెంబెడు నీళ్ళు పొయ్యిలో కుమ్మరించి, నెత్తి పట్టుకుని కూలబడి, “నా చేతులార చేసుకుంటి బిడ్డా” అని ఏడ్చింది. అంత గట్టి మనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను.

నా దగ్గు గోడ అవతలికి వినబడి ఉంటుంది. పక్కింటి వదినె కొంగు కింద సీస దాచుకుని తడుస్తూ వచ్చి, “మీరు పోసిందే చిన్నమ్మా, జరంత మిగిలింది” అని స్టవ్వులో వంచింది. ఆమె ఊరుకుంటుందా, ఇల్లిల్లూ తిరిగి చెప్పినట్టుంది, కాసేపటికి మా గడపలో సీసల మీద సీసలు. కొందరిళ్ళలో ఆ రోజు దీపానికి కూడా ఉంచుకోలేదని నాకు తర్వాత తెలిసింది. మా బిడ్డ తొలి స్నానానికి నీళ్ళు కాగింది ఆ నూనెతోనే. అత్తమ్మ ముఖం తుడుచుకుని, కొడుకు వైపు తిరిగి, “నీ పేపర్ల అబద్ధం రాయలే, వస్తదన్న, వచ్చిందా లేదా?” అన్నది. ఆ మాట మీద చనిపోయేదాకా నిలబడింది మహాతల్లి.

ఇదంతా చెబితే మా బిడ్డ కడుపుబ్బ నవ్వి, ఆ సీసలు తెచ్చినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారమ్మా అని అడిగింది. కొందరు పోయారు, కొందరు మగ్గాలు అమ్ముకుని బతుకుదెరువుకు సూరత్ వెళ్ళారు. వదినె వాళ్ళ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. రేపో మాపో పైపులో గ్యాసు వస్తుంది, కంపెనీలు కూడా వస్తే వస్తాయి, పొగ లేదు, వరుస లేదు, నాకు అంతకన్నా కావలసిందేముంది. కానీ మొన్న వంట మధ్యలో సిలిండరు అయిపోతే, పాత అలవాటున పక్కనున్న ఆ అపార్ట్‌మెంటు మొదటి తలుపు దాకా వెళ్ళి, కొట్టబోయి ఆగాను. లోపల ఉండేదెవరో, వాళ్ళను ఏమని పిలవాలో నాకు తెలియలేదు.