ఫ్రేము కట్టిన ఫైలు

వనపర్తి బస్టాండు ఎనుక, మెడికల్ షాపు మీది అంతస్తుల, గోడకు ఒక ఫ్రేము ఉంటది. దేవుని పటం కాదు. ఆ ఆఫీసు నడిపే జగదీశ్ సారు పన్నెండేండ్ల కింద పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషల రాసిన కోడు. కాయితం మీద అచ్చు తీయించి, అద్దం కట్టించి పెట్టుకున్నడు. దసరాకు కంప్యూటర్లకు బొట్టు పెట్టినప్పుడు దానికీ పెడతరు. నవ్వొచ్చే ముచ్చటే గని ఆ ఆఫీసుల నవ్వేటోళ్లు లేరు. ఫిర్దోస్ కూడ నవ్వలే. డిగ్రీ అయినంక రెండేండ్లు ఇంట్ల కూసున్న పిల్లకు పని నేర్పి, కుర్సీ ఏసి కూసోబెట్టిన మనిషి ఆయన. ఆయన లేకుంటే ఏ బట్టల దుకాణంలనో చీరెలు మడత పెట్టుకుంట ఉండేదాన్నని ఆమెకు మంచిగ తెల్సు.

దవాఖానలల్ల రోగుల వరుస బుక్కు చేసే సాఫ్ట్‌వేరు వాళ్లది. ఫ్రేముల ఉన్నది తల్లి క్లాసు, అంటే అన్నిటికీ మూలమైన కోడు. పంటి డాక్టరుకు, కంటి డాక్టరుకు, డయాలసిస్‌కు తలా ఒక పిల్ల క్లాసు. తల్లి కాడ ఉన్న పద్ధతులన్నీ పిల్లలకు వస్తయి, కావాల్నంటే పిల్లలు తమ పద్ధతి తాము రాసుకోవచ్చు. తల్లి పద్ధతి ఏందంటే, ముందురోజు ఫోనుకు మెసేజ్ పోతది, 'వస్త' అని నొక్కకపోతే ఆ వరుస రద్దయి ఇంకొకరికి పోతది. పంటి నొప్పికి చెల్లుతది. కిడ్నీలు పోయినోళ్లకు ఎట్ల చెల్లుతది? అందుకే డయాలసిస్ క్లాసుల ఫిర్దోస్ తన చేత్తోని రాసింది, ఎవ్వరి వరుసా రద్దు చెయ్యొద్దని.

అయినా రద్దయితనే ఉన్నయి. ఒకనాడు ఆమె అబ్బా యాకూబ్ వరుసనే పోయింది. ఆయన అమరచింత ఊర్ల గిన్నెలకు కళాయి ఏసి బతికినోడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు బస్సెక్కి వనపర్తి దవాఖానకు వచ్చి రక్తం శుభ్రం చేయించుకుంటడు. కౌంటరు కాడ "మెసేజ్ చూస్కోలేదా పెద్దాయనా, రద్దయింది," అన్నరు. ఆయనకు చదువు రాదు. ఇది నా బిడ్డ చేసిందని పక్క మంచాలోళ్లందరికీ చెప్పుకున్న మనిషి, తలకాయ దించుకొని తిరిగిపోయిండు. మాపటికి కాళ్లు పొంగి చెప్పులు పట్టలే.

ఫిర్దోస్‌కు ఒళ్లు మండింది. తెల్లారి పట్టు పట్టి కూసున్నది. తన పద్ధతిల 'పిల్ల వచ్చింది' అని, సారు పద్ధతిల 'తల్లి వచ్చింది' అని స్క్రీను మీద పడేటట్టు ఒక్కొక్క లైను పెట్టి నడిపిచ్చింది. ఎన్నిసార్లు నడిపినా తల్లే వచ్చింది. పిల్లను పిలిచినోడే లేడు. ఆఖరుకు దొరికింది. సారు తన రద్దు పద్ధతి ముంగట 'ప్రైవేట్' అని రాసిండు. గట్ల రాస్తే, పిల్ల అదే పేరుతోని ఎంత మంచిగ రాసుకున్నా తల్లి దాని మొకం చూడదు, తనదే తాను నడుపుకుంటది. తప్పని కూడ చూపియ్యదు. చుట్టు తిరిగి పోదామంటే, తల్లి దాన్ని పిలిచే దారికి సుత పిల్లలు మార్చరాకుండ 'ఫైనల్' అని తాళమేసి ఉన్నది. 'ప్రైవేట్' తీసి, పిల్లల మాట చెల్లనిచ్చే 'ప్రొటెక్టెడ్' పెడితే అయిపోతది, ఒక్క మాట.

మారుస్తనని సారును అడిగింది. "పన్నెండేండ్లు నడిచిన కోడమ్మా అది. పిల్లలల్ల సరి చేసుకోండ్రి," అన్నడు సారు, స్క్రీను దిక్కు సుత చూడకుండ. పక్క కుర్సీల విజయ్ కండ్లతోనే వద్దన్నడు. ఆ ఆఫీసు రివాజు అది. ఫ్రేముల ఉన్నదాన్ల తప్పుంటే అందరు చుట్టు తిరిగి రాస్తరు, దాన్ని మాత్రం ముట్టరు. సారు మొకం చిన్నబోతదంట. రోగుల మొకాలు ఉబ్బితే ఎవ్వరికీ ఏం పోలే.

ఫిర్దోస్ ముట్టింది. ఆ ఒక్క మాట మార్చి సర్వర్ల పెట్టింది. ఆ వారం డయాలసిస్ వరుస ఒక్కటి పోలే.

తెల్సినంక జగదీశ్ సారు అరవలే. అరిచినా బాగుండు. "నేర్పినోనికే నేర్పుతున్నవా బిడ్డా," అన్నడంతే. ఆ రోజు ఆమెను ఛాయ్‌కి పిలిచినోళ్లు లేరు.

ఇంటికాడ చెప్తే యాకూబ్ పరేషాన్ అయిండు. "అన్నం పెట్టిన మనిషి. పోయి మాఫీ అడుగు బేటా."

"తప్పు ఆయనది అబ్బా."

"అయితే ఏంది? పెద్దమనిషి."

నీ కోసమే చేసిన గదా అని నోటిదాకా వచ్చింది. తెల్లారి సారు ముంగట చేతులు కట్టుకొని నిలబడి మాఫీ అడిగింది. "సరే తియ్యి, పని చూస్కో," అన్నడు సారు, చల్లబడి. మార్చింది అట్లనే ఉంచుతడనుకున్నది పిచ్చిది.

సోమవారం పొద్దుగాల ఫోను మోగింది. "నా పేరు లేదంటున్నరు బేటా," అన్నడు అబ్బా. ఫైలు తెరిచింది. 'ప్రైవేట్' మళ్ల వచ్చి కూసున్నది. మార్చినోళ్ల పేరు కాడ సారు పేరు ఉన్నది. తారీకు ఆమె మాఫీ అడిగిన నాటిదే.

దవాఖానకు ఉరికింది. యాకూబ్ మెట్ల మీద కూసున్నడు. చెప్పులు పక్కన పెట్టుకున్నడు, ఊపిరి ఎగపోస్తుండు.

"సారే మార్చిండు అబ్బా. పాతదే పెట్టిండు మళ్ల."

యాకూబ్ బిడ్డ మొకం దిక్కు చూసిండు. జర దమ్ము తీసుకొని అన్నడు:

"నువ్వు మాఫీ మంచిగ అడగలేదేమో బేటా."