ఈరవ్వ తీర్చిన బదులు

ఎల్లారెడ్డి దాటి వాగు వైపు పోతే వచ్చే ఆ ఊళ్ళో ఈరవ్వ అంటే తెలియనివాళ్ళు లేరు. మంచితనం వల్ల కాదు, నోటి వల్ల. ఆమె మెచ్చుకున్న మనిషి అక్కడ ఇంకా పుట్టలేదు. వరద నష్టం రాసుకోవడానికి కామారెడ్డి నుంచి కార్లో వచ్చిన సార్లను చూసి, "సీసాల నీళ్ళు తాగి పోనీకొచ్చిండ్రు" అని వాళ్ళ ముందే అంది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. పది గుంటల మడి, ఆ నోరు, ఆమెకున్న ఆస్తి ఆ రెండే.

వానాకాలంలో వాగు పొంగి ఆ మడి మీద చీలమండ లోతు ఇసుక మేట వేసి పోయింది. చలికాలంలో వేసే యాసంగి నాట్లలోపు తీయకపోతే ఆ ఏడు గింజ లేదు. గట్టు సన్నం, ట్రాక్టరు పోదు. మనుషులే ఎత్తాలి.

దానికి ఊళ్ళో ఒక పద్ధతి ఉంది, బదులు. ఇవాళ నీ పొలంలో నేను వంగితే రేపు నా పొలంలో నువ్వు వంగాలి, కూలి మాట లేదు. ఈరవ్వ అందరి నాట్లకూ పోయింది కాబట్టి గడప గడపా తిరిగి పిలిచింది.

"నడుం పట్టింది వదినె," అన్నాడు మరిది నారాయణ, అరుగు మీద కాళ్ళూపుకుంటూ. "గా ఇసుక మడిల ఇంకేం పండుతది? నాకిడ్సిపెట్టరాదు?"

"నా మడి కాడికి రమ్మంటెనే పడ్తదిరా నీ నడుం. పల్లెం మీదికైతే మస్తు వంగుతది!"

ఒక్కడూ రాలేదు. థూ, చుట్టాలట! పెళ్ళి భోజనమంటే మాత్రం చెప్పులు మరిచిపోయి ఉరుకుతారు.

నాలుగో నాడు పొద్దున పక్క లంబాడీ తండా నుంచి తుల్సి పిలవకుండానే వచ్చింది. వెంట మొగుడు రామ్‌సింగ్, ఇంకో ముగ్గురు, చేతుల్లో పారలు, తట్టలు. ఆదివారమైతే తండాలోని రేకుల మందిరంలో చప్పట్లు కొట్టి పాడే యేసయ్య మనుషులు వీళ్ళు. ఈరవ్వకు ఒళ్ళు మండింది. తనను వాళ్ళలో కలుపుకోవడానికి ఇసుక ఒక సాకు అనుకుంది.

"ఒక్కటే మాట. నా గట్టు మీద ప్రార్థన గిట్ల ఎత్తితిరా, పారలు గుంజుకుంట."

"సరే అవ్వా, ఎత్తం," అంది తుల్సి నవ్వుతూ.

ఎత్తలేదు కూడా. కాకపోతే పని మొదలుపెట్టే ముందు రోజూ తుల్సి గట్టు మీద కాసేపు కళ్ళు మూసుకుని నిలబడేది.

"నిలవడి నిద్ర పోతున్నవానే?" అనేది ఈరవ్వ.

మధ్యాహ్నం వాళ్ళు తెచ్చుకున్న జొన్నరొట్టెలు విప్పుకుంటే దానికీ ఒక మాట. "మీ దేవుడు కూర పంపలేదా?"

"మిరపకాయలు పంపిండవ్వా," అన్నాడు రామ్‌సింగ్ ఒకటి కొరుక్కుంటూ.

పన్నెండు రోజులు ఎత్తారు. చివరి నాడు కింద నల్లమట్టి తేలింది. తుల్సి గుప్పెడు తీసి వాసన చూసింది. ఎండలో ఆ తడి మట్టి, నూనె రాసి దువ్విన జడలా మెరిసింది.

"ఎంత సక్కగున్నదవ్వా! కింద గిట్లనే ఉన్నది. మనకే కనవడలె."

"మన్నే గదనే," అంది ఈరవ్వ. నలభై ఏళ్ళు ఆ మట్టిలో గడ్డిని తిట్టిందే గాని మట్టిని చూడలేదు. అందరూ పోయాక తనూ గుప్పెడు తీసి వాసన చూసింది. అటూ ఇటూ చూసుకుని మరీ.

ఒకరికి రుణపడి ఉండటం ఆమెకు చచ్చే చావు. బదులు ఎట్లా తీర్చాలో అడగడానికి మర్నాడే తండాకు నడిచింది. మందిరంలో ఒక మూల తుల్సి గిన్నెలు, బొంతలు ఉన్నాయి. బయట తుల్సి ఇల్లు మూడు గోడలు కూలి పడి ఉంది. ఆ వానకే.

"ఏమే, ఇల్లు కూలిందని ఒక్క మాటన్న చెప్పకపోతివి?"

"నీ గట్టు మీద ప్రార్థన వద్దంటివి గదవ్వా. నేను దేవునికి చెప్పుకునేది గదే. కడుపుల చెప్పుకున్న."

"నీ గోడలిడ్సిపెట్టి నా ఇసుకెందుకెత్తినవే, పిస్సదానా?"

"నాట్లు ఆగుతయా? గోడ ఎప్పుడన్న లేస్తది. యేసయ్య ఇంట్ల పండుకుంటున్నం, మాకేం తక్కువ?"

ఈరవ్వ వంగి, కూలిన గోడ పెళ్ళ ఒకటి ఎత్తి పక్కన పెట్టింది, తిట్టకుండానే. ఊళ్ళో ఎవరైనా చూసి ఉంటే పండగ చేసుకునేవారు. తిరిగి వచ్చి నేరుగా నారాయణ అరుగు ముందు ఆగింది.

"నీ నాట్లకు నాలుగొద్దులు వంగిన. గా బదులు రేపొచ్చి తుల్సి గోడకు మట్టి తొక్కి తీర్సు."

"తండాలనా? యేసయ్యోల్లకా? మన ఇజ్జత్ ఏం గావాలె వదినె?"

"ఇజ్జతా? పన్నెండొద్దులు ఇసుకంత ఎత్తి చూసినం, మీది యాడ దొరకలె."

వాడు రాలేదు. వస్తాడని ఆమె అనుకోలేదు కూడా. చీర దోపుకుని తనే దిగి మట్టి తొక్కింది. గోడ పెడుతూ తుల్సి వాళ్ళ భాషలో యేసయ్య పాట అందుకుంది, మధ్యలో గుర్తొచ్చి ఆగింది.

"ఆపమంటవా అవ్వా?"

"నీ గోడ, నీ పాట. నన్నడుగుడేంది?"

గోడలు లేచాక నాట్ల రోజు వచ్చింది. తుల్సి నారు కట్టలు అందిస్తోంది. అవతలి గట్టు మీద నారాయణ చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. ఈరవ్వ మడిలో కాలు పెట్టబోయి ఆగింది. కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు.

"నిలవడి నిద్ర పోతున్నవా అవ్వా?" అంది తుల్సి.

"నోర్ముయ్యే," అని ఈరవ్వ నల్లమట్టిలోకి దిగింది.