పల్లపు మడిలో చోళ్లు

వాన కోసం కప్పను ఊరేగించేవాళ్లను చూసి నవ్వే పాఠకుడా, ఎండిపోతున్న మడిలో నువ్వు ఒక్కసారైనా కాలు పెట్టావా? ఒకప్పుడు నేనూ పెట్టకుండానే నవ్వాను. ఇవాళ ఉదయం బరంపురం గేట్ బజార్‌లో ఎవరో చోళ్లు, అంటే రాగులు, వేయిస్తున్నారు. ఆ కమ్మని వాసనకు అడుగు ఆగింది. దాలమ్మ గుర్తొచ్చింది.

గంజాం జిల్లా మద్రాసు పాలనలో ఉన్న రోజులవి. పురుషోత్తంపూర్ దగ్గర ఒక పల్లెలో నేను కొత్త పంతుల్ని. దాలమ్మ మా పక్కింటి రైతు. భర్త పోయాక అర ఎకరం పల్లపు మడిని ఒంటిచేత్తో సాగుచేసేది. ఆ యేడు శ్రావణం సగమైనా చినుకు లేదు. వరినారు ముదిరి ఎర్రబడింది. ఆ పంట పోతే ఆమె ఊరు విడిచి కూలికి పోవలసిందే. అయినా ఊరంతా వరికే కాచుకుని కూర్చుంది. చోళ్లంటే లేనివాళ్ల తిండి. వాటిని వరి పండే పల్లంలో వేస్తే ఆ ఇల్లు చితికిపోయిందని చాటుకున్నట్టే. పరువు కోసం మడిని బీడు పెట్టుకోమని ఏ శాస్త్రం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుదామని ఆడవాళ్లు అనుకున్న రోజున, నేను బడి అరుగు మీద నిలబడి కప్పకూ మేఘానికీ సంబంధం లేదని గంటసేపు వాదించాను. అందరూ ఓపిగ్గా విన్నారు. చివర దాలమ్మ లేచింది.

"కప్ప వల్ల వాన రాదని సెప్పినావు, బాగుంది మేష్టారూ. మరి నా మడిలో ఏటెయ్యాలో కూడా సెప్పు."

 జవాబు ఆమె దగ్గరే ఉంది. పెరట్లో అంట్లు తోమిన నీళ్లతో తన అవసరానికి మించి చోడినారు అప్పటికే పెంచి ఉంచింది. మర్నాడు వరినారు పీకి ఆవుకు వేసింది. అడుగంటిన నూతిలోంచి కడవలతో నీళ్లు మోసి, మొక్కమొక్కకూ పోసి నాటింది. నేనూ మోశాను. నాలుగో కడవకే నా వాదనలన్నీ మరిచిపోయాను.

తీరా ఊరేగింపు రోజున రోకలి మోసింది ఆమే. నువ్వు కూడానా అని మండిపడ్డాను.

"ఊరికే ఎల్తే ఎవులు తలుపు తీస్తారు? కప్పతో ఎల్తే అందరూ తీస్తారు. తీసినోళ్లకి నారు ఇచ్చెస్తాను."

కప్ప మీద నీళ్లు పోసిన ప్రతి గుమ్మంలో ఒక నారుకట్ట పెట్టింది. ఒక పెద్ద రైతు, పల్లంలో చోళ్లేసినదానివి ఇక అడుక్కోవడమే అని ఎగతాళి చేశాడు.

"నాను అడుక్కోను బాబూ. వాన కోసం అడుక్కుంటన్నది మీరు."

భాద్రపదంలో రెండు జల్లులు పడ్డాయి. వరికి అవి చాలలేదు, చోళ్లకు చాలాయి. దాలమ్మ కూలికి పోలేదు. ఆ నారు నాటినవాళ్లూ పోలేదు.

మూఢనమ్మకాన్ని నేను ఇప్పటికీ ఖండిస్తాను. అయితే ఒకరి చేతిలోది తీసేసే ముందు, బదులుగా ఏం పెట్టగలనో చూసుకుంటాను. అది ఆమె పెట్టిన భిక్ష. ఈ యేడూ వానలు వెనకబడ్డాయి. పాఠకుడా, కప్ప ఊరేగింపు మీద ఉపన్యాసం రాసుకున్నావా? పక్కన పెట్టు. తక్కువ తడికి పండే విత్తనం కుంచెడు కొను, రేపే తీసుకెళ్లి నీ ఊరి రైతుకు ఇవ్వు.