రేగట్లో నిలబడొద్దు

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు పక్కింటావిడ చెప్పింది. మా ఆయన అన్న భార్య ఆమె, నాకు అక్క వరస. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. అయినా ఆ మాట మూడో మనిషి నోట వినాల్సి వచ్చింది. వేరుపడినప్పుడు రోలు ఎవరికన్న తగువుతో మాకు మాటల్లేవు. రోలు ఆమె వైపే ఉండిపోయింది. పచ్చడి నూరినప్పుడల్లా నాకు వినపడాలని గట్టిగా నూరేది.

ఆమెతో కలిసి నడిచిన ఒక్క దారి గురించి చెప్పాలి.

అప్పటికి మా ఊరికి రోడ్డు లేదు. వాన పడితే నల్లరేగట్లో ఎడ్లబండ్లు కూడా కదిలేవి కావు. మా ఆయన మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్ళినప్పుడు అకాలవాన పట్టుకుంది. ఏడాది నిండని మా పాప జ్వరంతో కళ్ళు తేలేసింది. ఎవరినీ పిలవడానికి నోరు రాక వాకిట్లో ఏడుస్తూ నిలబడ్డాను. ఆమే వచ్చి పాపను లాక్కుని భుజాన వేసుకుంది. పైన గోనెసంచి కప్పింది.

"ఏడుపు తర్వాత. ప్రత్తిపాడు డాక్టరు దగ్గరికి పోదాం, నడు. ఆ చెప్పులేంటి, పెళ్ళికా? చేత్తో పట్టుకో."

నేను వినలేదు. ఊరు దాటామో లేదో ఒక చెప్పును రేగడి మింగేసింది. దానికోసం ఆగి వంగితే రెండు కాళ్ళూ దిగబడ్డాయి.

"రేగట్లో నిలబడొద్దే! నన్ను తిట్టుకోవాలంటే నడుస్తా తిట్టుకో."

పక్క ఊళ్ళో ఒక రైతు కల్లం అడ్డం వచ్చింది. అటు పొంగుతున్న వాగు, ఇటు ముళ్ళకంప. మిరపకాయల రాశి మీద పట్టాలు కప్పుకుంటున్న ఆ రైతు మమ్మల్ని చూసి కర్ర ఎత్తాడు. కుక్కలు మీదికొచ్చాయి.

"వాగు నీళ్ళు మాకు రాకుండా కట్టేసుకున్న ఊరోళ్ళు మీరు. ఇటు దారి లేదు. పోండి!"

"బిడ్డ ప్రాణం మీదికొచ్చిందయ్యా" అని అక్క బతిమాలింది.

"అయితే చుట్టు తిరిగి పోండి."

అక్క గొంతు మార్చింది. "పోతాంలే. ముందు నీ పట్టా కింద చూసుకో, నీళ్ళు దిగుతున్నాయ్. కాయంతా తాలైపోద్ది!"

ఆయన కర్ర పడేసి రాశి దగ్గరికి పరుగెత్తాడు. మేం కల్లం దాటేశాం. వెనక నుంచి బూతులు వినపడ్డాయి. ఈమె నడక ఆపకుండానే అంతకు రెండింతలు తిరిగి ఇచ్చింది.

"నిజంగా దిగుతున్నాయా అక్కా?" వేరుపడ్డాక ఆమెతో నేనన్న మొదటి మాట అది.

"వానలో ఎక్కడ దిగవు? నడు."

డాక్టరుగారు సూది వేసిన కాసేపటికి పాప కళ్ళు తెరిచి కేరుమంది. అక్క కొంగు పిండుకుంటూ, "దీని గొంతు నీకంటే నయం" అంది.

ఊరొచ్చాక మళ్ళీ మాటల్లేవు. రోలు చప్పుడూ మామూలే. పాపకి ఒంట్లో బాగాలేని రోజున మాత్రం ఆ చప్పుడు ఆగిపోయేది.

ఇప్పుడు ఊరికి తారురోడ్డు వచ్చింది. కాటికి పోయే దారి ఇంకా రేగడే. నిన్న ఆమెను తీసుకెళ్ళేటప్పుడు కూడా వానే. దింపుడుకల్లం దగ్గర పాడె దించి, బావగారు ఆమె చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. ఆయన నోట ఆ పేరు వినడం నాకదే మొదలు. ఆమె పలకలేదు. పాడె మళ్ళీ ఎత్తుకున్నవాళ్ళకు కాళ్ళు పైకి రాలేదు.

"నిలబడకండి! నడవండి!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. అరిచింది నేనే.

పాడె కదిలింది. ఆడవాళ్ళం అక్కడే ఆగిపోయాం. పాడె మోసేవాళ్ళ అడుగుల్లో నల్లనీళ్ళు నిండుతున్నాయి. ఎప్పుడు విప్పానో, నా చెప్పులు నా చేతిలో ఉన్నాయి.