పోయేటప్పుడు పెట్రోల్ నాది

నా బిడ్డ తొలి అక్షరం దిద్దిన గడియలో నేను ఎక్కడున్నానో అడగకండి. అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే నేను చెప్పకపోతే మా ఆవిడ ఇంకా ఘోరంగా చెప్తుంది.

పోయిన ఎండాకాలం పెద్ద బిడ్డ అక్షరాభ్యాసానికి కరీంనగర్ నుంచి బాసర పోవాలి. పన్నెండు దాటితే మంచి గడియ లేదని అయ్యగారు ముందే చెప్పాడు. నాకు కారు లేదు, మా షడ్డకుడికి ఉంది. షడ్డకుడంటే మా ఆవిడ అక్క మొగుడు. బంక్ ముందు నుంచి నడిచిపోవాలన్నా జేబు పట్టుకోవాల్సిన రోజులు కదా, ఆయనే ఫోన్ చేసి మాట తేల్చాడు.

"బండి నాది తమ్మీ. పోయేటప్పుడు పెట్రోల్ నువ్వు పొయ్యి, వచ్చేటప్పుడు నేను పోస్త. లీటరుకు పదిహేను ఇస్తది."

ఇంత న్యాయంగా మాట్లాడే మనిషిని ఎట్లా నమ్మడం? పోయేది ఎండలో, ఏసీ కావాలి. వచ్చేది చల్లబడ్డాక, అక్కర్లేదు. అంటే ఎక్కువ తాగే దారి నాకు అంటగట్టాడు. పైగా పదిహేనట. బండి ఇరవై ఇస్తుంది, నాతో ఎక్కువ పోయించి మిగిలింది తిరుగు దారికి వాడుకుంటాడు. పొద్దున ట్యాంకు కూడా ఎండబెట్టుకునే బండి తెచ్చాడు. అనుమానం పెనుభూతం అంటారు, నా భూతానికి ఎక్కాలు కూడా వచ్చు. ఇరవై చొప్పున లెక్కేసి బాసర గుడి మెట్ల దాకా సరిపోయేంతే పోయించాను.

జగిత్యాల దాటాక మెల్లగా కదిపాను. "అన్నా, ఏసీ బంద్ చేద్దామా? బయట గాలి మంచిగున్నది."

"నిప్పుల గాలి తమ్మీ. పిల్ల ఉడుకుతది."

నా పెట్రోల్‌తో నా బిడ్డ మీద ప్రేమ చూపిస్తున్నాడు, చూశారా?

ఆర్మూర్‌లో ఆయనే అన్నాడు. "ముల్లు కిందికచ్చింది. బంక్ కాడ ఆపాల్నా?"

"వద్దన్నా, సరిపోతది."

నిజామాబాద్‌లో మళ్లీ అడిగాడు. "జర పోపియ్యరాదు తమ్మీ."

బంక్ కనపడితే చాలు, ఆయన కాలు బ్రేకు మీదికి పోతోంది. నా అనుమానం ఖాయమైంది. నవీపేటలో మూడోసారి అడిగేసరికి మా ఆవిడ వెనక సీట్లోంచి ముందుకు వంగింది. "బావ గన్నిసార్లు అడుగుతుండు, నీకేం పట్టింది?"

"నీకు తెల్వది, ఊకో."

ఊరు దాటిన కాసేపటికి బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చుట్టూ చెట్టు లేదు, నెత్తిన ఎండ, గడియారంలో పదకొండుంబావు. అదృష్టం కొద్దీ ఒక ఆటో వచ్చింది.

"తమ్మీ, నువ్వు వీళ్లను తోల్కపో. బండి కాడ నేనుంట, ఎవలనన్న అడిగి పెట్రోల్ తెప్పిస్త," అన్నాడు షడ్డకుడు.

ఎంత తెలివి! ఒక లీటర్ తెప్పించి ఐదని చెప్తే నాకెట్లా తెలుస్తుంది? "నువ్వే పో అన్నా. పెట్రోల్ సంగతి నేను చూసుకుంట," అన్నాను గట్టిగా. మా ఆవిడ నోరు తెరిచేలోపు ఆటోవాడికి "పోనియ్యి" అని కూడా నేనే చెప్పాను.

బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరం దిద్దించాల్సింది తండ్రి అన్న సంగతి, ఆటో కనపడకుండా పోయాక గుర్తుకొచ్చింది.

తాడిని తన్నేవాడి తల తన్నబోయి నా తలకే బొప్పి కట్టించుకున్నాను. ఆపిన బండ్లవాళ్లెవరూ నన్ను నమ్మలేదు. "పెట్రోల్ ఇయ్యి" అని చేయి చాపితే, నన్ను అనుమానంగా చూసి గేరు మార్చారు.

రెండింటికి షడ్డకుడు వాళ్లందర్నీ ఆటోలో వెంటబెట్టుకుని, పెట్రోల్ క్యాన్ పట్టుకుని వచ్చాడు. నా బిడ్డ పలక చూపించింది. "బాపూ, పెద్దబాపు ఒళ్లె కూసోని రాసిన."

పలక మీద ఓం గుండ్రంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో క్యాన్ డబ్బులు ఇవ్వబోయాను.

"ఉండనియ్యి తమ్మీ, ఇగ వచ్చే దారి నాదే గద," అని ఆయన ట్యాంకు మూత తిప్పాడు. "అయ్యగారు తండ్రి ఏడి అని అడిగిండు. పెట్రోల్‌కు కావలి ఉన్నడని చెప్పిన."

మా చిన్న బిడ్డకు వచ్చే ఏడు అక్షరాభ్యాసం. బస్సులో పోతాం. ముందు సీట్లో కూర్చున్నా సరే, డీజిల్ ఎంత ఉందని డ్రైవర్ను అడగనని ఆ చదువుల తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.