బ్రష్షక్క బూడిద పుదీనా

మా తోటలో అందరం ఆమెను బ్రష్షక్క అనేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు చిన్నదే, అయినా నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. అసలు పేరు నా హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. నేను ఆ మొక్కల తోట ఆఫీసులో గుమాస్తాని. ఎవరి సెలవు ఏ రోజు, ఏ మొక్క ఎక్కణ్ణుంచి వచ్చింది, అన్నీ నా బల్ల మీదుగానే పోవాలి. ఫారంలో ఒక్క గడి ఖాళీ వదిలినా వెనక్కి పంపేస్తాను. నాకు ముక్కు మీద కోపమని తోటమాలులు చాటుగా అనుకుంటారు. ఎదురుగా అన్నా నాకేం అభ్యంతరం లేదు, ఉన్నమాటే కదా.

ఆమెకి ఆ పేరు తెచ్చింది ఒక పొద. పుదీనా కుటుంబమే, కానీ పుదీనాలా తడి కనిపించిన చోటల్లా పాకిపోయే రకం కాదు. నడుమెత్తు పెరుగుతుంది. సన్నటి ఆకులు, పైన బూడిద చల్లినట్టుంటాయి. నలిపితే ముందు పుదీనా వాసన, ఆ వెనకే కర్పూరం ఘాటు. పుస్తకాల్లో ఉన్న పేరు పలకబోతే నాలిక మెలిపడుతుంది కాబట్టి మేం బూడిద పుదీనా అనేసుకున్నాం. అది ఒకే ఒక్క ఇసుక గుట్ట మీద ఉండేది. ఆ గుట్టని రోడ్డు కోసం తవ్వేస్తుంటే అప్పటి మా పెద్ద తోటమాలి పరుగున వెళ్ళి, మిగిలిన రెండు పొదల్నీ వేళ్ళతో సహా పెకలించుకొచ్చాడు. అది ఇరవయ్యొక్కేళ్ళ కిందటి మాట. బ్రష్షక్క అప్పుడే కొత్తగా పనిలో చేరింది.

రెండు పొదల నుంచీ కొమ్మలు కత్తిరించి, కుండీల్లో విడివిడిగా రెండు వరసలు పెంచమని ఆమెకి అప్పజెప్పారు. మొదటి పొద మొక్కలకి ఎర్ర చీటీలు, రెండో పొద మొక్కలకి తెల్ల చీటీలు. ఏడాదికి రెండు వారాలే పూస్తాయవి. లేత ఊదా రంగు పువ్వు, కింది పెదవి మీద చుక్కలు. పూసిన పువ్వు పొద్దున కాసేపే పనికొస్తుంది. ఎండెక్కేలోపు ఎర్ర చీటీ పువ్వులోని పుప్పొడిని సన్న బ్రష్షుతో తీసి తెల్ల చీటీ పువ్వుకి అంటించాలి, దీనిది దానికి అంటించాలి, అంటించిన పువ్వుకల్లా దారం కట్టాలి. మూడు వారాలు పోయాక పువ్వు అడుగున ఉండే చిన్న గిన్నెలో నాలుగు గింజలు కనపడాలి.

పంతొమ్మిదేళ్ళలో ఒక్క గింజా లేదు. గిన్నె విప్పితే నల్లటి నుసి, అంతే. ఏటా ఆమె నా దగ్గరికొచ్చి, “ఈసారీ సున్నా రాసుకోండి” అనేది. నేను రాసుకునేవాణ్ణి.

ఒంటరి మనిషి అనడం తేలిక. ఆమె ఎంత ఒంటరిదో నాకు ఒక ఫారం వల్ల తెలిసింది. ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలో రాయమని అందులో ఒక గడి ఉంది. ఖాళీగా ఇచ్చింది. తిప్పి పంపాను. మళ్ళీ ఖాళీగానే వచ్చింది. మూడోసారి పిలిచి కసిరితే, పెన్ను తీసుకుని మా ఆఫీసు ఫోన్ నెంబరే రాసింది.

“ఇది మన నెంబరే కదక్కా!” అన్నాను.

“మీరు ఎత్తుతారుగా,” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఎందుకిలా అని అడగలేదు. గడి నిండింది కాబట్టి ఫైల్లో పెట్టేశాను. అలాంటి మనిషిని నేను.

తోట వెనకాల క్వార్టర్సులో ఒక గది ఆమెది. ఒక మంచం, ఒక గ్లాసు, కిటికీలో ఆరేసిన బ్రష్షులు. ఒకసారి జీతం కాగితం మీద సంతకానికి వెళ్తే కూర్చోమనడానికి రెండో కుర్చీ లేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడుకున్నాం. ఆమె నొచ్చుకోలేదు, నేనే నొచ్చుకున్నాను.

రెండేళ్ళ కింద కొత్త సైంటిస్టు గారు వచ్చారు. చిన్న వయసు ఆవిడ, మాట సూటిగా ఉంటుంది. రెండు వరసల ఆకులూ కోసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక మా ఇద్దర్నీ షెడ్డులోకి పిలిచారు.

“ఈ జాతి తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. గింజ కట్టాలంటే వేరే మొక్క పుప్పొడి కావాలి. ఇక్కడున్న ముప్ఫై కుండీలూ ఒకే మొక్క. ఎరుపూ అదే, తెలుపూ అదే. కొమ్మ కత్తిరించి నాటితే అది వేరే మొక్క అయిపోదు కదా. గుట్ట మీద దొరికిన రెండూ మొదట్నించీ ఒకటే అయ్యుంటాయి. ఇక చేసేదేం లేదు, ఫైలు మూసేద్దాం,” అన్నారు.

బ్రష్షక్క అటు తిరిగింది. బ్రష్షు కడుగుతూ అలాగే నిలబడిపోయింది. ఆమె నోరు విప్పకపోతే ఆ ఫైలు ఆ వారమే మూతబడేది, ఆ జాతి కథా అంతటితో సరి. ఆమె మీదికి ఏ మాటా వచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్నే సైంటిస్టు గారి బల్ల ముందు నిలబడింది. నేను ఫైలు పట్టుకుని పక్కనే ఉన్నాను.

“రెండూ ఒకటి కాదండీ. రెండోది వేరే. బక్కగా ఉండేది. దాని కొమ్మలు పెడితే అన్నీ కుళ్ళిపోయాయి. కొత్తగా చేరానేమో, ఉద్యోగం పోతుందని భయమేసింది. బలంగా ఉన్నదాని కొమ్మలే తెచ్చి తెల్ల చీటీలు పెట్టేశాను. మొక్క మొక్కే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.”

సైంటిస్టు గారు పెన్ను కింద పెట్టారు. “పంతొమ్మిదేళ్ళమ్మా,” అన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. “ఆ బక్కది ఏమైంది?” అని అడిగారు.

“పారెయ్యమన్నారు. పారెయ్యబుద్ధి కాక ఇంటికి పట్టుకెళ్ళాను. మా అమ్మ కుళాయి పక్కన నాటింది.”

“ఉందా ఇంకా?”

“తెలీదండీ. ఆ ఇంటికి వెళ్ళి పదకొండేళ్ళయింది. మా చెల్లెలుంటుంది అక్కడ.”

చెల్లెలుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఇల్లు మా తోట నుంచి నాలుగు బస్ స్టాపుల దూరంలో ఉందని విన్నాక మతిపోయింది.

బయటివాళ్ళ దగ్గర మొక్క తీసుకోవాలంటే దాత ఫారం నింపించాలి, సాక్షి సంతకం పెట్టాలి. కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. బస్సులో ఆమె తడిగుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు స్టాపులు దాటాక, అడక్కుండానే చెప్పింది.

“అమ్మ ఆస్పత్రిలో ఉంది. పూలు పూసిన వారం అది. ఒక్క పొద్దున వదిలేస్తే ఆ పూలు పోతాయి కదా. తొమ్మిదింటికల్లా వచ్చేస్తానని చెల్లికి చెప్పి ఇటొచ్చాను. ఎనిమిదిన్నరకే అమ్మ పోయింది. చెల్లి ఒక్కతే ఉంది పక్కన.” తడిగుడ్డ మడత సరిచేసుకుంది. “ఆ పొద్దున నలభై పూలకి అంటించాను. నలభైకి నలభై ఉత్తివే. కుదిరే పనే కాదు. మొన్న సైంటిస్టు గారు చెప్పేదాకా నాకది తెలీదు.”

నేను దాత ఫారం బయటికి తీసి, గడులన్నీ మరోసారి చూశాను.

వరసగా అతుక్కుని ఉన్న చిన్న ఇళ్ళలో ఒకటి. ముందు కాస్త జాగా, ఇనప గేటు. చెల్లెలు బయటికొచ్చింది. అదే ముక్కు, అదే నడక, కాస్త లావు. గేటు తీయకుండా, “ఎవరు కావాలి?” అంది, సొంత అక్కని చూస్తూ.

బ్రష్షక్క, “మొక్క కోసం వచ్చాం,” అంది.

“అనుకున్నాను. మనిషి కోసమైతే పదకొండేళ్ళు పట్టదుగా.”

కుళాయి పక్కన ఛాతీ ఎత్తున గుబురుగా ఉంది బూడిద పుదీనా. మా గాజు షెడ్డులో దేనికీ అంత ఒళ్ళు లేదు. బ్రష్షక్క దాన్ని చూసి గేటు ఊచ పట్టుకుంది.

చెల్లెలు నాతో చెప్పడం మొదలెట్టింది, ఆమెతో కాదు. “అమ్మ పోయాక నేను దీనికి చుక్క నీళ్ళు పొయ్యలేదండీ. చస్తే చావనీ అనుకున్నాను. చావలేదు. అమ్మ దీన్ని పెద్దదాని మొక్క అనేది. అందుకని పీకడానికి మాత్రం చెయ్యి రాలేదు.”

గేటు తీసింది. బ్రష్షక్క వంగి ఒక్కో కొమ్మా చూసి కత్తిరిస్తుంటే నేను చెల్లెలికి ఫారం అందించాను. పేరు, చిరునామా రాసింది. కింద ఒక ప్రశ్న ఉంటుంది, దాతకి తోట ఉద్యోగుల్లో ఎవరితోనైనా బంధుత్వం ఉందా అని. అక్కడ పెన్ను ఆగింది. తర్వాత “లేదు” అని రాసి ఇచ్చేసింది.

పచ్చి అబద్ధం. ఒక్క గడి తప్పయితే మనుషుల్ని మూడుసార్లు తిప్పే నేను దాని కింద సాక్షి సంతకం పెట్టాను.

కొమ్మలు గుడ్డలో చుట్టుకుంటూ బ్రష్షక్క అటు తిరిగినప్పుడు, చెల్లెలు గొంతు తగ్గించి, “ఆవిడకి సెలవు ఏ రోజు?” అని నన్నడిగింది.

“మంగళవారం,” అన్నాను. నా ప్రాణం లేచొచ్చింది. సెలవు రోజు చూసుకుని ఇంటికి పిలుస్తుంది కాబోలు, అనుకున్నాను.

తిరుగు బస్సులో బ్రష్షక్క ఫారం అడిగి తీసుకుని చూసింది. మడిచి నాకిచ్చేసి, “సరిగ్గానే నింపింది,” అంది.

తర్వాతి మంగళవారం చెల్లెలు వచ్చింది, మా ఆఫీసుకి. దాత తానిచ్చిన మొక్కని పనివేళల్లో వచ్చి చూసుకోవచ్చని ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. జనంలో అది చదివిన మనిషి ఈవిడొక్కతే. రిజిస్టరులో సంతకం పెట్టి, “ఆవిడ లేదు కదా?” అని రూఢి చేసుకుని, షెడ్డులోకి వెళ్ళి, పావుగంట నిలబడి వెళ్ళిపోయింది.

అప్పుడర్థమైంది నాకు, సెలవు ఎందుకడిగిందో. కోపమొచ్చింది. చెల్లెలి మీదా, అన్నీ తెలిసినట్టు రోజు చెప్పేసిన నా మీదా.

ఆ మంగళవారం మొదలు ఏడాది పొడుగునా ప్రతి మంగళవారం వచ్చింది. కొమ్మలు వేళ్ళు తొడిగాయి, చిగురేశాయి, తెల్ల చీటీల వరస ఈసారి నిజంగా తెల్ల చీటీల వరస అయింది. బ్రష్షక్క బుధవారం పొద్దున నా మీద విరుచుకుపడేది. “నా కుండీల్లో ఎండాకులు ఎవరు ఏరుతున్నారు? మట్టి ఎవరు గుల్ల చేస్తున్నారు? నేను లేనప్పుడు ఎవర్నీ పోనివ్వద్దన్నానా లేదా?” నేను ఫైల్లో తల దూర్చి, గాలికి రాలిపోయుంటాయిలే అక్కా అనేవాణ్ణి. గాజు షెడ్డులో గాలేమిటి, నా మొహం.

తోటంతా ఆమెను నోరారా అక్కా అనేవాళ్ళే. నిజంగా అలా పిలవాల్సిన మనిషి మాత్రం నా బల్ల దగ్గర నిలబడి, ఆవిడ ఉందా, ఆవిడ లేదా అనేది. చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. తెలిస్తే ఆ చెల్లెలు ఇక రాదేమోనని భయం. నాకెందుకీ తగులాటం అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

పూలు వచ్చాయి. బ్రష్షక్క రెండు వారాలు పొద్దున్నే అంటించింది, దారాలు కట్టింది. ఆ తర్వాత మూడు వారాలు ఆమె మొహం చూడలేకపోయాను. ఇదీ ఉత్తిదైతే, అమ్మ పోయిన పొద్దున తిన్న లెంపకాయ ఇంకోసారి తిన్నట్టే.

ఒక గురువారం నా బల్ల ముందుకొచ్చి అరచెయ్యి తెరిచింది. గోధుమ రంగు గింజలు, ఆవగింజంత.

“నాలుగున్నాయి,” అంది.

నేను లేచి నిలబడ్డాను. సైంటిస్టు గారు ఊళ్ళో లేరు, ఫోన్ చేసి చెప్పాం, ఆవిడ అటు నుంచి కేక పెట్టారు. ఫోన్ పెట్టేశాక కూడా బ్రష్షక్క కదల్లేదు. అలాగే చెయ్యి చాపి నిలబడింది.

“ఇంకెవరికి చెప్పాలో తెలీట్లేదండీ,” అంది.

ఆ మాట నన్ను రెండ్రోజులు తిననివ్వలేదు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో నేను నా అంతట నేను ఎవరి సెలవూ మార్చలేదు. శనివారం పట్టీ తీసి, మంగళవారం కొట్టేసి గురువారం అని రాశాను. కారణం గడిలో “పని ఒత్తిడి” అని పెట్టాను. ఎందుకని బ్రష్షక్క అడిగింది. గింజలు ఆరబెట్టే పనుంది కదా అన్నాను. నమ్మింది.

మంగళవారం చెల్లెలు వచ్చి సంతకం పెట్టింది. అలవాటైపోయిందేమో, ఆ రోజు ఆవిడ లేదు కదా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. షెడ్డు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది.

నేను కిటికీ దగ్గర ఫైలు తలకిందులుగా పట్టుకుని నిలబడ్డాను. గాజు మీద ఆవిరి. బల్లకి అటొకరు, ఇటొకరు ఉన్నట్టు తెలుస్తోంది, అంతే. చాలాసేపు ఇద్దరూ కదల్లేదు. తర్వాత ఒకరి చెయ్యి ముందుకొచ్చింది, రెండో మనిషి దాని మీదికి వంగి చూసింది.

చెల్లెలు బయటికొచ్చి నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది. పొడుస్తుందా అన్నట్టు చూసింది.

“అక్కకి సెలవు మారిందా?”

“గురువారానికి మారిందమ్మా.”

“చెప్పొచ్చు కదా.”

“మీరు అడగలేదు.”

రిజిస్టరులో వెళ్ళే టైము రాసింది. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“మళ్ళీ మారుస్తారా?”

“నేనున్నంత కాలం మార్చనమ్మా.”

“సరే అయితే,” అంది. “మంగళవారమే వస్తాను.”